అడుగు పప్పు

బోర్డు మీద రాసిన:
2 : 60 :: x : 84
అరవై మందికి రెండు కిలోల కందిపప్పు అయితే
ఎనభై నాలుగు మందికి ఎంత?

లెక్క నాది కాదు.
పొద్దున ప్రార్థన కాడ తలలు లెక్కవెట్టి
వంట చేసే ఈదమ్మ అడిగిన లెక్క.
రాత్రి పూనా బస్సు దిగిండ్రు,
మక్తల్ బస్టాండుల మూటల మీదనే తెల్లారింది వాళ్లకు.
ఇరవై నాలుగు మంది పిల్లలు.
పేర్లింకా రిజిస్టర్ల పడలే,
కంచాలు మాత్రం చేతులల్లనే ఉన్నయ్.

ఏడో తరగతి. మూడో బెంచిల కుర్మయ్య లేసిండు.
"సార్, నడుమ ఈ రెండు చుక్కలేంది?
తెలుగు టీచరు దుఃఖం రాసేటప్పుడు పెడ్తది, అవేనా?"
క్లాసంత నవ్వింది.
"కాదురా, దీన్ని నిష్పత్తి అంటరు" అన్న.
చాక్‌పీసు మాత్రం కొద్దిసేపు
ఆ చుక్కల కాడనే ఆగింది.

అంత్యముల లబ్ధం మధ్యముల లబ్ధానికి సమానం.
మా సారు నాకిచ్చిన మాట,
నా నోట్ల నాని నాని అంచులరిగిన బిళ్ల.
రెండును ఎనభై నాలుగుతోని గుణించి
అరవైతోని భాగించి
జవాబు కింద రెండు గీతలు గీసి
కిటికీలకెళ్లి కేకేసిన:
"ఈదమ్మా, రెండు కిలోల ఎనిమిది వందలు!"

పొగలకెళ్లి కండ్లు తుడుసుకుంట వచ్చింది.
"కావాల్సింది నాకెర్కనే సారూ,
డబ్బల ఉన్నది రెండే.
దానికేమన్న సూత్రమున్నదా?"

నా దగ్గర లేదు.
ఆమె దగ్గర ఉన్నది:
నాలుగు చెంబుల నీళ్లు, పిడికెడు చింతపండు,
బడి ఎనుక మునగాకు ఒడి నిండ.
బియ్యానికి ఆమె గిలాస వేరే.
కొత్త బియ్యానికి ఒకటికి రెండు కూడ ఎక్కువే అంటది,
పాత బియ్యం రెండున్నర తాగుతయట,
ముసలోళ్ల లెక్క, ఎంత పోసినా ఇంకుతయట.
నా పుస్తకంల బియ్యానికి వయసు లేదు.

గంట కొట్టినంక వరండల లైను.
ఆటలల్ల అందరికన్న ముందుండే కుర్మయ్య
అన్నం కాడ మాత్రం ఎప్పుడూ చివర్నే.
ఎందుకురా అంటే చెవుల చెప్పిండు:
"మీద నీళ్లు సార్, అడుగున పప్పు.
ముందటోనికి చారు, ఎనుకటోనికి పప్పు."
ఇయ్యాల తన ఎనుక ఇంకొకతి నిలబడ్డది,
పూనా నుంచి వచ్చిన అలివేలు.
ఆ రహస్యం ఆమెకు ఊరికే చెప్పలే వాడు.
మరాఠీల పది దాకా అంకెలు నేర్పాలె, అదీ బేరం.
ఏక్, దోన్, తీన్ అనుకుంట
లైను ముందుకు జరిగింది.

ఈ ముచ్చట నవ్వుకుంట ఈదమ్మకు చెప్పిన.
ఆమె నవ్వలే.
తెల్లారి
ప్రతి కంచానికి ముందొకసారి
గంటె అడుగు దాకా దించి తిప్పింది,
ఎనభై నాలుగు మాట్ల.
చివర కంచం ఎత్తేసరికి మోచేయి పట్టుకొని
గోడకు ఒరిగింది.
మొదటి కంచంల, ఆఖరు కంచంల ఒకటే రంగు చారు.
నేనెన్నడు బోర్డు మీద అట్ల కలిపి చూపెట్టలే.

కుర్మయ్య రెండు రోజులు నాతోని మాట్లాడలే.
మూడో రోజు నోట్‌బుక్కు పట్టుకొచ్చి
బల్ల మీద చప్పుడయ్యేటట్టు పెట్టిండు.
"మీ లెక్క తప్పు సార్.
ఈదమ్మ తినదా?
ఎనభై అయిదు."

గిన్నె కడిగిన నీళ్లల్ల అన్నం కలుపుకొని
ఆమె పొయ్యి కాడ ఒక్కతే కూసున్నది కనపడ్డది.
డస్టరు తీసుకున్న.
నాలుగు తుడిచి అయిదు పెట్టిన.
రెండును ఎనభై అయిదుతోని గుణించి
అరవైతోని భాగించిన.
రెండు పాయింట్ ఎనిమిది మూడు
మూడు మూడు
అని బోర్డు అంచు దాకా రాసిన.
తెగలే.
"గోడ మీద కూడ రాయి సార్" అన్నడు వాడు.